వ్యాయామానికని చెప్పి బస్టాండుకు పోతున్నాను

కర్నూలు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆయన చెప్పిన సంగతుల్ని కాస్త కుదించి ఇక్కడ పెడుతున్నాను.

ఆయనకు 63 ఏళ్ళు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో చివరి పదేళ్ళు ఎక్కువగా శ్రీశైలం రూటే. షుగర్ పదకొండేళ్ళుగా ఉంది. ఎనిమిది నెలల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. ఆస్పత్రి నుంచి వచ్చిన రెండో నెలలో బాత్‌రూంలో కాలు జారి కుడి భుజం మీద పడ్డారు. ఎముక విరగలేదు. కానీ నొప్పికి భయపడి చేతిని మెడకు గుడ్డతో కట్టుకుని వారాల తరబడి కదపకుండా ఉంచారు. భుజం బిగుసుకుపోయింది. ఇప్పుడు ఆ చెయ్యి భుజం ఎత్తు దాకా కూడా లేవదు. పొద్దున్నే చొక్కా కుడి చేతిని భార్యే తొడిగిస్తోంది.

గుండె డాక్టరు, ఎముకల డాక్టరు ఇద్దరూ ఒకటే చెప్పారట: తెలిసినవాళ్ళు దగ్గరుండి చేయించే చోట వ్యాయామం చెయ్యమని. ఊళ్ళో ఒక ఫిజియోథెరపీ సెంటర్లో పొద్దున ఆరున్నరకు గుండె జబ్బు, షుగర్, కీళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకు, దెబ్బలు తగిలి కోలుకుంటున్నవాళ్ళకు కలిపి ఒక క్లాసు నడుస్తోంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు మూడు నెలల ఫీజు 7,500 రూపాయలు ఒకేసారి కట్టింది.

తొమ్మిదో రోజు జరిగింది ఆయన మాటల్లోనే: "కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయిస్తాండారు. ఏడోసారికి ఒళ్ళంతా చెమట. కళ్ళు మసకలు కమ్మినాయి. గుండె మళ్ళీ ఆగిపోతాందనుకున్నా. నా కూతురి వయసు పిల్ల నా నోట్లో చక్కెర పోసింది. వేలు గుచ్చి చూస్తే 58 అని చూపించిందంట. చుట్టూ పద్నాలుగు మంది జనం. ఒకామె నన్ను గుర్తుపట్టి, 'ఏమన్నా, యాభై మందిని ఘాట్ దించినోనివి, కుర్చీకాడ ఇట్లయితివే' అనింది. ఆమె మంచి మనసుతోనే అనింది. నాకు మాత్రం తల తీసేసినట్టయింది."

మర్నాటి నుంచి ఆయన క్లాసుకు పోలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. ఆరు వారాలుగా రోజూ ఆరింటికి సంచి తగిలించుకుని బస్టాండుకు పోయి బెంచీ మీద కూర్చుంటున్నారు. శ్రీశైలం బస్సు కదలడం చూస్తారు. చక్కెర వేసిన టీ తాగుతారు. ఒక్కోరోజు ఉగ్గాని బజ్జీ తింటారు. ఎనిమిదికి కొళాయి కింద టవల్ తడిపి, పిండి, భుజాన వేసుకుని ఇల్లు చేరతారు. ఆదివారం వీడియో కాల్‌లో కూతురు "చెయ్యి ఎంత లేస్తాంది నాన్నా" అని అడిగితే ఎడమ చెయ్యి ఎత్తి చూపిస్తున్నారు.

ఆయన అడిగినవి రెండు. ఈ వయసులో ఇలాంటి క్లాసు నిజంగా అవసరమా, పొద్దున నడిస్తే చాలదా? బిడ్డకు నిజం చెప్పాలా, లేక ఫీజు గడువు తీరేదాకా ఇట్లే నెట్టుకొస్తే సరిపోతుందా?

అన్నా,

మూడు పేజీలు ఆ రోజు పడిన సిగ్గు గురించే రాశారు. 58 అన్న అంకె ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. నాకు మాత్రం మీ కథంతా ఆ అంకె దగ్గరే మెలిక పడినట్టు కనిపించింది. అందుకే అక్కడ మొదలుపెడతాను.

రక్తంలో చక్కెర 70 కంటే తగ్గితే లో షుగర్ అంటారు. 58 అంటే బాగా పడిపోయినట్టే. చెమటలు, కళ్ళు మసకబారడం, కాళ్ళలో సత్తువ పోవడం, ప్రాణం పోతోందన్న భయం, ఇవన్నీ దాని లక్షణాలే. ఉత్తరం చివర మీ మాత్రల పేర్లు, వేసుకునే టైము కూడా రాశారు కాబట్టి ఇంకొంచెం చెప్పగలను. మీ షుగర్ మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ఇంతలా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ సంగతి వేరు. కడుపులో తిండి ఉన్నా లేకపోయినా అది ఇన్సులిన్‌ను బయటికి పంపిస్తూనే ఉంటుంది. అందుకే దాన్ని రోజులో మొదటి టిఫినుతోనో భోజనంతోనో వేసుకోమంటారు. మీరు తర్వాత మర్చిపోతానని ఐదున్నరకే పరగడుపున అన్ని మాత్రలూ కలిపి మింగి, ఏమీ తినకుండా ఆరున్నరకు క్లాసులో నిలబడ్డారు. పైగా పనిలో ఉన్న కండరం రక్తంలోని చక్కెరను తనంతట తానే లాక్కుంటుంది. ఒక పక్క మాత్ర లాగుతోంది, ఇంకో పక్క కండరం లాగుతోంది, కడుపు ఖాళీగా ఉంది. ఆ మాత్ర వేసుకుని అట్లా వస్తే పాతికేళ్ళ కుర్రాడైనా ఆ కుర్చీ దగ్గర కూలబడేవాడే.

ఇంకొకటి. గుండె కోసం ఇచ్చిన మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. షుగర్ పడిపోతున్నప్పుడు మామూలుగా ముందు గుండె దడ, చేతుల వణుకు వచ్చి మనిషిని హెచ్చరిస్తాయి. ఈ మాత్ర ఆ రెండింటినీ అణిచేస్తుంది. చెమటను మాత్రం ఆపదు. అందుకే మీకు ముందు ఏమీ తెలియకుండా, ఒక్కసారిగా ఒళ్ళు తడిసిపోయింది. ఇకమీదట ఎక్కడున్నా సరే, కారణం లేని చెమట పడితే మీ ఒళ్ళు మీతో మాట్లాడుతోందని గుర్తుపెట్టుకోండి.

నేను డాక్టర్ని కాను. కానీ మాత్ర వేసుకున్న టైము, తినకుండా పోవడం, 58, ఈ మూడూ ఈ వారంలోనే మీ డాక్టరుకు చెప్పాలి. మాత్ర టిఫినుతో వేసుకోవాలా, మోతాదు తగ్గించాలా, మందే మార్చాలా అన్నది ఆయన చూసుకుంటారు. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవి. అవి మధ్యలో మానేస్తే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఇంకో మాట కూడా: స్టెంట్ పడిన మనిషికి చెమటలు పట్టి కళ్ళు తిరిగితే ప్రతిసారీ షుగరే అనుకోకూడదు. ఆ రోజు ఆ పిల్ల వేలు గుచ్చి చూసింది కాబట్టి కారణం దొరికింది. బస్టాండు బెంచీ మీద అదే జరిగితే చూసేదెవరు? ఇంట్లోవాళ్ళు మీరు క్లాసులో ఉన్నారనుకుంటారు. వెతకాల్సి వచ్చినా అక్కడికే పోతారు.

బిడ్డకు చెప్పాలా వద్దా అన్న ప్రశ్నను కూడా ఇక్కడే కలుపుతాను. అబద్ధం తప్పా ఒప్పా అని తూకం వేయడానికి నాకు మనసు రావడం లేదు. మీరు ఎవరినీ మోసం చేద్దామని ఇది మొదలుపెట్టలేదు. కానీ ఈ అబద్ధం మందుల చీటీలోకి ఎక్కుతోంది. ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మీ ఆమె "రోజూ క్లాసుకు పోతాండాడు సార్" అంటుంది. రిపోర్టులో షుగర్ ఎక్కువ కనిపిస్తుంది, ఆరు వారాలుగా టీలు, బజ్జీలు కదా. వ్యాయామం చేస్తున్నా తగ్గడం లేదనుకుని డాక్టరు మాత్ర పెంచుతారు. ఆయన తప్పేమీ లేదు, చెప్పింది నమ్మి రాస్తారు. ఆ పెంచిన మాత్రతో మీరు ఎప్పుడో మనసు మార్చుకుని నిజంగానే క్లాసుకు పోయిన రోజు, మిషన్ 58 దగ్గర ఆగకపోవచ్చు. నాకు భయం వేస్తున్నది అక్కడ.

కాబట్టి బిడ్డకు ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం, డాక్టరుకు చెప్పడం మాత్రం వాయిదా వేయొద్దు.

ఇక మీ మొదటి ప్రశ్న. నడిస్తే చాలదా?

మీ పనికి సంబంధించిన ఒక పాత సంగతి చెబుతాను. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు సిటీ బస్సుల సిబ్బంది ఆరోగ్యాన్ని పరిశీలించి 1953లో ఆ ఫలితాలు ప్రచురించాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు షిఫ్టంతా సీట్లో కూర్చుంటాడు. కండక్టరు టికెట్ల కోసం రోజంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. జీతాలు, జీవితాలు దాదాపు ఒకే రకం. కానీ గుండె జబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చింది, వచ్చినవాళ్ళలోనూ ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు తక్కువ. తర్వాత యూనిఫాంల కొలతలు చూస్తే డ్రైవర్లకు కుర్ర వయసులోనే నడుం చుట్టుకొలత ఎక్కువని తేలింది కాబట్టి తేడా అంతా సీటు వల్లే అనలేం. అయినా వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధం గురించి లోకం సీరియస్‌గా ఆలోచించడం మొదలైంది ఆ బస్సుల దగ్గరే. మీరు అన్నేళ్ళు ఆ సీట్లో కూర్చున్నారు. ఇప్పుడు మీకు మెట్లెక్కే వంతు వచ్చింది.

నడక మంచిదే. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, ఆ లెక్క నడకతో తీరుతుంది. అయితే అదే సంస్థ వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలం వచ్చే పని కూడా ఉండాలంది. 65 దాటినవాళ్ళు తూలి పడకుండా మూడు రోజులు నిలకడకు సంబంధించినవి చెయ్యాలంది. మీకు ఇంకా రెండేళ్ళుంది కానీ బాత్‌రూంలో ఒకసారి పడనే పడ్డారు. నడక మీ భుజాన్ని ఎత్తదు. పడిన చోటు నుంచి లేవడానికి కావాల్సిన తొడల బలాన్ని పెద్దగా ఇవ్వదు. మీకు అవమానంగా తోచిన ఆ కుర్చీ వ్యాయామం ఉంది చూడండి, చేతులు పెట్టకుండా లేవడం, కూర్చోవడం, అది ఆ బలం కోసమే. గుండెపోటు తర్వాత ఇట్లా ఒకరు గమనిస్తుండగా వ్యాయామం చేసినవాళ్ళలో గుండె జబ్బు చావులు, మళ్ళీ ఆస్పత్రిలో చేరడాలు తగ్గుతాయని ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు కలిపి చూసి తేల్చారు. టీ కొట్టు దగ్గర మీ ఫ్రెండు "స్టెంట్ వేసినోళ్ళు చెంబు కూడా ఎత్తగూడదు" అన్నాడని రాశారు. మొదటి కొన్ని వారాలకు చెప్పే జాగ్రత్త అది. ఎనిమిది నెలలైంది, డాక్టరే పొమ్మన్నాక చిన్న బరువులు ఎత్తడం మీ వైద్యంలో భాగమే.

భుజం గురించి నాకు సొంత అనుభవం ఉంది. 2018లో నా ఎడమ భుజం ఇట్లాగే పట్టేసింది. జుట్టు ముడి వేసుకోలేకపోయాను, బస్సులో పై కడ్డీ పట్టుకోలేకపోయాను. ఆరు నెలలు నూనెలు రాసుకుంటూ కూర్చున్నాను. తర్వాత ఒకచోట ఒకాయన బలంగా చెయ్యి పట్టి లాగాడు, ఆ నొప్పికి నెల రోజులు నిద్ర లేదు. చివరికి సరైన మనిషి దొరికింది. ఆమె మొదటి రోజు చేయించింది ఏమీ లేదు. కొలిచింది. గోడ వైపు నిలబెట్టి, వేళ్ళతో చీమ పాకినట్టు పైకి పాకించి, నొప్పి పెరిగిన చోట ఆపి పెన్సిల్‌తో గీత పెట్టింది. రెండు వారాలకు గీత బెత్తెడు పైకి జరిగింది. నా అంతట నేను ఇంట్లో చేసుకున్నప్పుడు భుజాన్ని చెవి దగ్గరికి ఎగరేసి చెయ్యి లేచిందనుకునేదాన్ని. ఆమె వెనక నిలబడి రెక్క ఎముక మీద చెయ్యి పెట్టి "ఇది కదలకూడదు, అది కదలాలి" అని చెప్పేదాకా నాకు తెలియలేదు. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ భుజం బిగుసుకోవడం మిగతావాళ్ళకంటే ఎక్కువగా వస్తుంది, వదలడానికీ ఎక్కువ టైము పడుతుంది. ఏడాది నుంచి మూడేళ్ళ దాకా. అందుకే తొమ్మిది రోజులకు చెయ్యి లేవలేదని నిరాశ పడొద్దు.

దగ్గరుండి చూసే మనిషి విలువ ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు. డిపోలో బస్సు రివర్స్ తీసేటప్పుడు కండక్టరు దిగి వెనక నిలబడతాడు. బస్సు రేకు మీద చేత్తో తడుతూ "రానీ, రానీ" అంటాడు. గట్టిగా రెండు దెబ్బలు కొడితే మీరు బ్రేకు తొక్కుతారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న డ్రైవరు కూడా అట్లాగే తీస్తాడు. సీట్లోంచి వెనక చక్రం కనపడదు కాబట్టి ఇంకొకరి కళ్ళు వాడుకుంటాడు. దాన్ని ఏ డ్రైవరైనా నామోషీ అనుకున్నాడా? ఆ రోజు మీ వెనక నిలబడి గట్టిగా రెండు దెబ్బలు కొట్టింది మీ కూతురి వయసున్న ఆ అమ్మాయి. వేలు గుచ్చింది, చక్కెర పోసింది, మిమ్మల్ని ఇంటికి పంపింది. తన పని తాను సరిగ్గా చేసింది.

మాట అన్న ఆమె గురించి కూడా. ఆమె ఒకప్పుడు మీ బస్సు ఎక్కిన మనిషే అయ్యుంటుంది. నల్లమలలో ఆ మలుపులన్నీ మీ చేతుల్లో క్షేమంగా దాటి వచ్చింది కాబట్టే మీ ముఖం గుర్తుంది. ఆమె కూడా మోకాలో, గుండెనో పట్టుకునే ఆ గదిలోకి వచ్చింది. బాగున్నవాళ్ళు ఎవరూ ఆ క్లాసుకు రారు. అయినా మాట గుచ్చుకుంది, కాదనను. మనం దేనిలో మొనగాళ్ళమో దాన్నే పట్టుకుని అంటే ఎక్కువ నొప్పి పుడుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

అదే క్లాసుకు తిరిగి పోవచ్చు. ఫీజు కట్టి ఉంది, ఇంకో ఐదు వారాలు మిగిలింది. మొదటి పది నిమిషాలు కష్టంగా ఉంటుంది. "ఏమైపోతివి అన్నా" అని అడుగుతారు. "షుగర్ పడిపోయింది, మందు సరిచేసుకుని వచ్చినా" అంటే చాలు, నిజం కూడా అదే. కానీ పోయేముందు ఆ సెంటరును మీరు కొన్ని అడగాలి. తొమ్మిది రోజుల్లో ఎవరూ మీరు ఏం తిని వచ్చారు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు అని అడగలేదని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. అది వాళ్ళ లోపం, మీది కాదు. షుగర్, గుండె జబ్బు రెండూ ఉన్న మనిషికి మొదలుపెట్టే ముందు బీపీ చూడాలి, షుగర్ చూడాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్ళకు అది 100 లోపు ఉంటే ఏదైనా తినిపించకుండా మొదలుపెట్టకూడదు. ఒక్క ఫిజియోథెరపిస్టు పద్నాలుగు మందిని ఒకేసారి చూస్తుంటే, గుండె జబ్బు వాళ్ళను ఎవరు కనిపెడుతున్నారని అడగండి. నేర్పే మనిషి ఫిజియోథెరపీ డిగ్రీ, అంటే బీపీటీ చదివారా లేదా అన్నది కూడా అడగొచ్చు. మొహమాటం వద్దు. సరిగ్గా నడిపేవాళ్ళు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు. విసుక్కుంటే ఆ చోటు మార్చడమే మంచిది, మిగిలిన ఫీజు పోయినా సరే.

అదే సెంటర్లో వేరే బ్యాచ్ అడగొచ్చు. సాయంత్రం బ్యాచ్ ఉంటే మీకు రెండు లాభాలు: ఆ పద్నాలుగు ముఖాలు ఉండవు, అప్పటికి తిండి, మాత్ర రెండూ అయిపోయి ఉంటాయి. కష్టం ఏమిటంటే మన కర్నూలు ఎండలు. వేసవిలో సాయంత్రం ఐదింటికి కూడా గోడలు వేడిగా ఉంటాయి, గుండె మందులు వాడేవాళ్ళకు ఆ ఉక్క మంచిది కాదు. గదిలో గాలి ఎట్లా ఉందో చూసుకుని చేరండి.

ముందు కొన్ని వారాలు భుజం ఒక్కదానికి విడిగా ఫిజియోథెరపీ చేయించుకుని, చెయ్యి కాస్త దారికొచ్చాక గుంపులోకి పోవచ్చు. జనం ముందు బెరుకు తగ్గడానికి ఇది పనికొస్తుంది. భుజానికి కూడా విడి శ్రద్ధే ఎక్కువ మేలు. సిట్టింగుకు ఇంత అని తీసుకుంటారు కాబట్టి ఖర్చు పెరుగుతుంది. డబ్బుకు ఇబ్బందైతే మన సర్వజన ఆసుపత్రిలో కనుక్కోండి. వరుసలో నిలబడాలి, రోజూ ఒకే మనిషి చూస్తారని లేదు. కానీ ఈ దారిలో పోతే గుండె సంగతి వెనకబడకుండా చూసుకోవాలి. భుజం ఒక్కటే బాగైతే సగం పనే అయినట్టు.

ఇంట్లోనే చేసుకోవడం కూడా ఉంది. మీ స్వభావం చూస్తే దీనివైపే మొగ్గుతారని నాకు అనిపిస్తోంది. గోడ మీద వేళ్ళు పాకించడం, వంగి చేతిని లోలకంలా ఊపడం, కుర్చీలో లేచి కూర్చోవడం, ఇవన్నీ ఇంట్లో చేయదగ్గవే. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి. కాని వీడియో మీకు చూపిస్తుంది, మిమ్మల్ని చూడదు. ఒకరు నేర్పించి, రెండు మూడు వారాలకోసారి చూసి సరిదిద్దితే ఇంట్లో చేసుకున్నా ఫలితం ఉంటుంది. ఎవరూ చూడకుండా చేస్తే నొప్పి పుట్టిన రోజున మానేస్తాం. మీకు ఇప్పటికే ఆరు వారాల మానేయడం అలవాటైంది. చేస్తే మీ ఆమె ఇంట్లో ఉన్నప్పుడే చెయ్యండి, స్నానాల గది తలుపు వేసుకుని మాత్రం వద్దు.

ఏమీ చేయకుండా ఉండిపోవడం కూడా ఒక దారే. భుజం ఏళ్ళ మీద కొంతవరకు తనంతట తానే వదలొచ్చు, కొంత బిగువు ఉండిపోవచ్చు. గుండె అంత ఓపిక పట్టదు.

ఏ దారి పట్టినా ఒక కొలత గుర్తుంచుకోండి. మెటోప్రొలాల్ వేసుకునేవాళ్ళకు నాడి వేగం చూసి శ్రమ ఎంతో చెప్పడం కుదరదు, వాచీలో అంకె తక్కువే చూపిస్తుంది. మాటను చూసుకోండి. చేస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడేంత తేలిగ్గా మాత్రం ఉండకూడదు. మాట తెగుతోందంటే గేరు దించాలి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఆగని ఆయాసం వస్తే వెంటనే ఆపి 108కి ఫోన్. అప్పుడు సిగ్గుపడటానికి టైము లేదు.

ఇక ఇంటి సంగతి.

ముందు మీ ఆమెకు చెప్పండి. నా అనుమానం ఏమిటంటే ఆమెకు కొంత తెలిసే ఉంటుంది. ముప్పై ఏళ్ళు మీ ఖాకీ చొక్కాలు ఉతికిన మనిషి. చెమట పట్టిన గుడ్డకూ, కొళాయి నీళ్ళలో తడిపిన గుడ్డకూ తేడా ఆమె ముక్కుకు తెలియదా? మీరు చెప్పేదాకా ఆగుదామని ఊరుకుని ఉండొచ్చు. పొద్దున్నే మీ చెయ్యి చొక్కాలోకి తొడిగేటప్పుడు అది ఏ మాత్రం కదలడం లేదని కూడా ఆమెకే అందరికంటే ముందు తెలుస్తుంది.

బిడ్డ విషయంలో మీకు మూడు వెసులుబాట్లున్నాయి. మొదట మీరు క్లాసుకు తిరిగి పోయి, వారం పదిరోజులు నిలదొక్కుకుని అప్పుడు చెప్పొచ్చు. చెప్పడం తేలికవుతుంది, కానీ ఈలోగా ఆమె సెంటరుకు ఫోన్ చేసి అడిగితే వాళ్ళ నోటి నుంచి వింటుంది. అది ఆమెకు ఎక్కువ బాధ. రెండోది, ఈ ఆదివారమే చెప్పేయడం. కోపం వస్తుంది, కాసేపు ఏడుస్తుంది కూడా. డబ్బు పోయిందని కాదు, అంత భయపడిన రోజున తనకు ఫోన్ చేయలేదని. మూడోది, ఎప్పటికీ చెప్పకపోవడం. మూడో దాంట్లో ప్రతి ఆదివారం మీరు ఎడమ చెయ్యి ఎత్తుతూనే ఉండాలి. సంక్రాంతికి ఆమె ఇంటికొచ్చి పై అల్మారాలో డబ్బా అందుకోమంటే ఏ చెయ్యి ఎత్తుతారు?

నేనైతే రెండోదే ఎంచుకుంటాను. మీకు నచ్చితే పెద్ద మాటలేమీ వెతుక్కోకుండా ఇట్లా చెప్పి చూడండి: "అమ్మా, ఆరు వారాలుగా నేను క్లాసుకు పోలేదు. ఒకరోజు షుగర్ పడిపోయి అందరి ముందర కూలబడితి. గుండె ఆగిపోతాదని భయమేసింది. నీకు చెప్పేకి సిగ్గేసింది." అని, అప్పుడు కుడి చెయ్యి ఎంత లేస్తే అంత ఎత్తి చూపించండి. ఫోన్‌లో అది ఎంత కనపడితే అంతే కనపడనివ్వండి.

తిరిగి పోయే రోజుకు ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. డాక్టరు ఏ టైము చెబితే ఆ టైముకే మాత్ర. పోయేముందు ఏం తినాలో, ఎంత తినాలో కూడా ఆయన్నే అడగండి. గ్లూకోజ్ పొడి చిన్న పొట్లం ఒకటి వెంట ఉంచుకోండి. చక్కెరైనా సరే, మూడు టీస్పూన్లు. చెమట పట్టి అనుమానం వస్తే వెంటనే నోట్లో వేసుకుని, పావుగంట ఆగి మళ్ళీ షుగర్ చూడమనండి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే వేసుకోవాలి. మామూలుకు వచ్చాక ఏమైనా తినాలి. లడ్డూ, బజ్జీ దానికి పనికిరావు, అందులో నూనె, నెయ్యి ఉంటే చక్కెర రక్తంలోకి మెల్లగా పోతుంది. పొట్లం సంచిలో పెట్టొద్దు, సంచి గది మూలన ఉంటుంది. ప్యాంటు ఎడమ జేబులో పెట్టుకోండి, ఆ చెయ్యి బాగానే అందుతుంది కదా.